స్టాక్ లేదు

వేరమణి అంటే
ఎవరో ఆడపిల్ల పేరనుకున్నా మొదటి ఆదివారం.
పత్తికొండ పాత బస్టాండు పక్కన, మేడ మీద
రేకుల గదిలో, చాపల మీద పదకొండు మందిమి.
మద్దిలేటి సారు, రిటైరైన పోస్టుమాస్టరు,
ఉత్తరాలు పంచినంత మెల్లగా
ఒక్కొక్క శీలం మా చేతికిచ్చినాడు.
ఐదోది మత్తు గురించి.
వెనక వరుసలో ఎవరో దగ్గినారు.

మూడో వారం
చేయకూడని వ్యాపారాలు చెప్పినాడు.
ఆయుధాలు, మనుషులు, మాంసం, సారాయి.
చివరిది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.
చూడకపోవడమే చూసినట్టుండె.
విషం.

పురుగుమందుల అంగట్లో గుమాస్తాను నేను,
పద్నాలుగేండ్లుగా.
చొక్కా ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదు.
నా బిడ్డ ఊపిరి బిగబట్టి ముద్దు పెడుతుంది.

అడిగినా: సార్,
టమోటాకు బొక్క పెట్టే పురుగుకు ప్రాణముందా?
ఉందన్నాడు.
ఆ కాయ అమ్ముడుపోతేనే బడికి పోయే పిల్లకు?
ఉందన్నాడు.
మరి ఏ తక్కెడ తేవాల?
సారు తక్కెడ మాటెత్తలేదు.
"మందు కలిపేటప్పుడు నీ చెయ్యి వణికిందా?"
మొదటేడు వణికిందన్నా.
అదే జవాబన్నట్టు టీ తాగినాడు.
పెన్షనొచ్చే మనిషికి శీలం తేలికే అని
మెట్లు దిగుతా అనుకున్నా.
అనుకున్నది దాచను.

ఒకసారి టెంపోలో
ఎర్రగుడి గుండ్లకాడికి తోలుకపోయినాడు.
రాజు చెక్కించిన అక్షరాలు.
మాలో ఒక్కరికీ చదవరావు.
యుద్ధం గెలిచినాక ఏడ్చి
జీవాలను చంపొద్దని రాయించినాడంట.
గెలిచినాక.
గెలవని ఏడు రైతు ఏం చెక్కించాల, ఏ గుండు మీద?
అడగలేదు.
ఎండకు నాలుక పిడచకట్టుకపోయిండె.

ఆ కార్తీకంలో గంప ఇరవై రూపాయలు.
మార్కెట్టు ముందర తారురోడ్డంతా
లారీ చక్రాల కింద టమోటా గుజ్జు.
దీపాలు పెట్టే వేళ ఉరుకుందప్ప వచ్చినాడు.
అర లీటరు అడిగినాడు, ఘాటైనదే.
ఏ పైరుకప్పా? అన్నా.
చేను దున్నేసి వారమైందని నాకు తెలుసు.
"ఉందిలే ఒక పైరు."
రూపాయికి బేరమాడే మనిషి,
అప్పు రాసుకోమనే మనిషి,
నోట్లు లెక్కబెట్టకుండా బల్ల మీద పెట్టినాడు.

నా వెనక అరలో పన్నెండు సీసాలు.
స్టాక్ లేదన్నా.
అతను నా భుజం మీదుగా అరను చూసినాడు.
నేను వెనక్కి తిరగలేదు.
ఇద్దరం కొంతసేపు
ఆ అబద్ధం కింద నిలబడినాం,
ముసురుకు ఒక్క గోనెపట్ట కప్పుకున్నట్టు.
టీ తాగుదాం రాప్పా అన్నా.
నోట్లు మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు.
షట్టరు సగం దించి వాళ్ళ అల్లుడికి ఫోను చేసినా.

ఆదివారం సారుతో చెప్పినా:
విషం అమ్మిన దినాలన్నీ నిజమే చెప్పినా,
అమ్మని ఒక్క దినం బొంకినా.
నా లెక్క ఎట్లా రాస్తారో రాయండి.
కళ్ళద్దాలు తీసి చానాసేపు తుడిచినాడు.
"నాకు తెలీదప్పా" అన్నాడు.
ఆ గదిలో నేను నమ్మిన మొదటి మాట అది.

సోమవారం మళ్ళీ అంగడి తెరిచినా.
పన్నెండు సీసాలూ అమ్ముడుపోయినాయి.

ఉరుకుందప్ప ఇప్పుడు ఎదురంగట్లో కొంటాడు.
ఆ రాత్రి ఆ అంగడి తెరిచే ఉండె;
ఈ సంగతి నాకు శానా రోజులకు తట్టింది.
నన్ను చూసి పలకరించడు.
సైకిలెక్కి పోతాంటే
చొక్కా తడిసిన ఆ వీపును
మలుపు దాకా చూస్తా.