ఓల్డాన్

ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా
నలభై రెండు స్టాపులని డిపో లెక్క.
నా లెక్కల ఆరే.
రామంతాపూర్ పెట్రోల్ బంకు,
అంబర్‌పేటల గొళ్లెం సరిగ్గ పడని సులభ్,
నారాయణగూడల ఇరానీ హోటల్
(గల్లా మీది ముసలాయన నన్ను చూడంగనే
తాళంచెవి జరుపుతడు, చాయ్ కావాల్నా అనడు),
లక్డీకాపూల్ల రక్తపరీక్షల ల్యాబు.
మిగిలిన రెండూ చెప్ప.
అవి బాగ అక్కెరొచ్చిన రోజులకు.

మెడల మెషీను, భుజానికి సంచి,
సంచిల టికెట్ రోళ్ల కింద
మడత పెట్టిన ఇంకో సల్వారు.

మొదలు టీబీ అన్నరు.
ఆరు నెలలు ఎర్రగ ఉచ్చ పోసుకుంట గోళీలు మింగిన.
పేగుల టీబీ, ఇది, కవలపిల్లల తీరుంటయంట,
కెమెరాకు సుత పోల్చరాదంట.
ఏడో నెల తార్నాక దవఖానల డాక్టరమ్మ
కాగితం మీద ఒక మాట రాసి కింద గీత గీసింది.
క్రోన్స్.
మా అత్తమ్మకు నోరు తిరగలె.
దూరపు చుట్టమెవరో ఇంట్ల దిగినట్టు
"ఎప్పుడు పోతడంట?" అనడిగింది.
పోడు అత్తమ్మా.
అలిగి పోయినట్టే పోతడు, మూటతోని మళ్లొస్తడు.

అమ్మేమో ఎవ్వరికీ చెప్పకన్నది.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతదంట.
చించుకోకుండనే పడుతదమ్మా,
మాసాబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ మీద
పొద్దున ఎనిమిదీ నలభైకి
బండి ఇంచు కదలనప్పుడు.

స్టెరాయిడ్లకు పదిరోజుల్ల నొప్పి బంద్.
మొఖం బతుకమ్మ తాంబాళమంత.
"ఒళ్లు జేసినవు అండాలూ" అన్నరు డిపోల.
నవ్విన.
గోళీ సగం జేసిన వారానికి నెత్తురు.
పక్కింటి సుగుణక్క దానిమ్మ తొక్కల కషాయం తెచ్చింది.
తాగిన. ఆమె చెయ్యి బాధపెట్టుడెందుకని.

ఇప్పుడు బల్ల మీద రెండు.
ఎనిమిది వారాలకొక్కసారి
నరంల నుంచి చుక్కచుక్క ఎక్కే మందు,
సీసాకు నా నెల జీతం మింగేది,
సంస్థ సంతకం పెడితే సరి, లేకుంటే బంగారం.
లేదంటే కోత:
ముడుచుకపోయిన జానెడు పేగు తీసేసి
రెండు కొసలు కలిపి కుట్టుడు.
"కుట్టిన దగ్గరే మళ్లీ రావచ్చు" అన్నది డాక్టరమ్మ.
"మందు కూడా ఎన్నేళ్లు పనిచేస్తదో చెప్పలేను."
దాచలే.
నాలుగేండ్లల్ల నాకు నమ్మబుద్ధయిన మొదటి మాట అది.

బండెక్కొచ్చా అనడిగిన.
పెన్ను ఆపి నా ఖాకీ చొక్కా దిక్కు చూసింది.
"ముందు మందు చూద్దాం. కత్తి ఎక్కడికీ పోదు."

సోమవారం మొదటి సీసా.
సెలవు చిట్టీల కారణం దగ్గర
ఎప్పుడూ జరమనే రాసేదాన్ని.
ఈసారి ఉన్నది రాసిన.
క్లర్కు రెండుసార్లు చదివి
"ఏ ఊరి రోగమమ్మా ఇది?" అన్నడు.
నా ఊరిదే అన్న.

ఖయ్యూం భాయ్‌కి నేనేం చెప్పలె.
మూడేండ్ల కింద అద్దంల ఒక్కసారి నా మొఖం చూసిండు.
గప్పటి సంది రామంతాపూర్ బంకు కాడ
గాలి చూస్తనని దిగుతడు.
రోజూ అదే టైరు.
ఇయ్యాల వెనుక సీట్లకెళ్లి ఎవరో
"ఏమైందన్నా, పంచరా?" అన్నరు.
"నై, జర గాలి తక్కువుంది."
ఇనుప కమ్మి మీద చెయ్యేసి నేను
గట్టిగ, బండంత వినపడేటట్టు
ఓల్డాన్ అన్న.