కుదువ

మే నెల. డ్యాం నీళ్లు వెనక్కి పోయినాయి.
ఒండు ఆరి పెచ్చులు లేచిన చోట
దోస గింజలు పెడుతున్నా.
గునపానికి ఏదో తగిలింది.
ఖంగుమనలేదు, ముసలాయన దగ్గినట్లు మోగింది.

తవ్వి తీస్తే ఇనుము.
నడమ ఒక కడియం, దానికి గొలుసు ముక్కలు,
ఒక్కో గొలుసుకు రెండు మూడు కొక్కేలు,
ఒకదానికి చిక్కుకొని ఎవరిదో నైలాను వల.
ఎత్తితే అన్ని కాళ్లూ ఒకేసారి కదిలినాయి.

మద్దిలేటి చూసి లంగరన్నాడు.
పుట్టి తప్ప పడవ ఎరగని ఏటికి లంగరెందుకు?
మటనంగడి దస్తగిరి
పొట్టేళ్లను యాలాడదీసుకుంటా, నాకియ్యన్నాడు.
బడి సారు నాలుగు పక్కలా ఫొటో తీసి
కందనవోలు కోటగోడ ఎగబాకేదానికేమో అని మొదలుపెట్టి
బస్సు రాంగానే ఆ మాట అట్లే వదిలేసి ఎక్కినాడు.
కర్నూలు గుజిరీ అంగట్లో మాత్రం
ఎవరూ పేరడగలేదు.
"మూడు కిలోలకు పావు తక్కువ. తుప్పు తీసెయ్యాల."

ఇయ్యలేదు.
తూకం తెలిసి, పేరు తెలియని వస్తువును
అమ్మబుద్ధి కాలేదు.

తిరిగొస్తుంటే కాలనీలో
హుసేనమ్మవ్వ శెనక్కాయలు ఒలుస్తా కూచోనుంది.
గోనెసంచిలో గొలుసు గలగలమంది.
తలెత్తకుండానే అడిగింది:
"ఎవరి బిందె పడిందబ్బీ?"

పాతాళగరిగె.
మునిగిన ఊరికంతా ఒక్కటే, వాళ్లింట్లో ఉండేదంట.
చాంతాడు తెగినా కడవ జారినా
అందరూ ఆ గడపకే.
ఊరికే ఇచ్చేది లేదు.
చెంబో గిన్నో కుదువ పెట్టి తీసకపోవాల.
మునిగినదాన్ని తీసే ఇనుము
ఉత్తచేతులకిస్తే
ఇచ్చినోళ్ల ఇల్లు మునుగుతాదని.

చివరి వారం తీసకపోయింది సుంకమ్మ.
ఒకపక్క బండ్లకు సామాను ఎత్తుతుంటే
బాయిలో పడిన బిందెను వదిలి పోలేక.
బిందె దొరికిందో లేదో.
నీళ్లు చెప్పిన రోజుకంటే ముందే వచ్చినాయి.

అవ్వ లోపలికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి
గుడ్డమూట తెచ్చింది.
కంచు చెంబు.
నలభై ఏండ్ల పైన
దాంట్లో గుక్కెడు నీళ్లు తాగలేదంట.
"కుదువ సొమ్ములో మనం పోసుకోగూడదు.
నాది నాకొచ్చె.
ఇంక ఇది నా ఇంట్లో ఉంటే దొంగసొమ్ము."

అంతే. గరిగెను ఒళ్లోకి తీసుకొని
వంగిన కొక్కేన్ని వేలితో తడిమి
"ఇది మా పెండ్లి కాగు బరువుకు" అని
మళ్లీ శెనక్కాయల్లో పడింది.

సుంకమ్మ గార్గేయపురం పక్క ఉండాదని ఒకరు,
ఏటి అవతల బిడ్డ దగ్గరని ఒకరు,
ఎప్పుడో పోయిందని ఇంకొకరు.
అక్కడ సగం సాలు గింజలు పెట్టకుండానే ఉంది.

చెంబును సైకిలు హ్యాండిలుకు కట్టుకొని తిరుగుతున్నా.
లోపల ఏమీ లేదు.
అయినా గతుకు వచ్చినప్పుడల్లా
ఒక చెయ్యి అడ్డం పెడుతున్నా,
తొణుకుతాదేమోనని.