మిత్తి

ఫారంలో పదకొండో గడి ఇంకా ఖాళీనే ఉంది.
"ఈ యూనిట్ ద్వారా ఏటా వచ్చే ఆదాయం."

తక్కినయన్నీ నింపిన.
సంఘం పేరు, కొత్తవాడ చిరునామా,
ఇరవై ఏడు ఇండ్లు, ఇంటికొక రంగుబట్టీ,
మూడు గదుల తొట్టి, ఇసుక, బొగ్గుపొడి, మోటారు.
పంతొమ్మిదేండ్ల సంది సంఘం లెక్కలు నా చేతిరాతే.
మగ్గం ఎంత తెస్తదో చెప్పగల,
జంపఖానా ఎంతకు పోతదో చెప్పగల.
ఎర్రనీళ్ళు తాగి
తేటనీళ్ళు ఇడిసే గొయ్యి
ఏం సంపాదిస్తదని రాయాలె?

మా చిన్నప్పుడు
ఇయ్యాల ఏ ఆర్డరు నడుస్తుందో
మోరీ చూసి చెప్పేటోళ్ళం.
నీలం పారితే గవర్నమెంటు ఆసుపత్రి,
కుంకుమరంగు పారితే పెండ్లిండ్ల టెంటోళ్ళు.
కాయితం పడవలు ఏసి
ఏ రంగు తేలుతదో పందెం కాసేటోళ్ళం.
ఆ నీళ్ళు ఏడికి పోతయని
ఎవ్వలం అడగలే.
పోయినయి. గంతే.

ఏడికీ పోలే.

ఓదెలు బోరు ఏసినంక మూడో ఎండకాలం,
ఆయన భార్య లస్మక్క
తెల్లధోతి జాడించి తీగె మీద ఆరేసి
నన్ను పిలిచింది.
ఉతికిన బట్ట. లేత గులాబి.
ఓదెలు నవ్విండు,
మోచేతులదాంక రంగెక్కిన చేతులు నడుముకు పెట్టుకొని:
"నేల కూడ బ్యాంకేనే.
మనం ఏసింది దాసిపెట్టింది.
గిప్పుడు మిత్తితోని ఇస్తుంది."

మీటింగుల కొంరెల్లి లేసిండు.
ఆయనది తప్పు మాట కాదు, రాసుకున్న:
"నూలు ధర జూడు, పవర్లూమోళ్ళ ధర జూడు.
ఇంటికి పదివేలు తెచ్చి మోరీల పొయ్యమంటరా?
గీ పదివేలతోని నూలు కొంటే
పండుగనాటికి పదమూడు అయితయి.
మోరీల పోస్తే ఏమైతయి?"

బొంబాయి శేటు
సర్టిఫికెట్ తెస్తే గజానికి నలభై ఎక్కువిస్త అంటడు.
అంటడు. ఫోన్ల.
కాయితం మీద పెట్టమంటే లైను కట్టయితది.

అప్పుడు లస్మక్క
కొంగుముడి ఇప్పి చీటీలు తీసింది.
నీళ్ళ ట్యాంకరోడు ఇచ్చినయి, మడతలు నలిగినయి.
వారానికి ఒక్క ట్యాంకరు, ఆరు వందలు,
మూడిండ్లు పంచుకుంటరు.
"ఇంటికి రెండు వందలు. ఏడాదికెంతనే?"
నోటిలెక్కనే చేసిన. మళ్ళ చేసిన.
పదివేల నాలుగు వందలు.
దురద మలాం కలపకుండ.
మూసేసిన బాయి కలపకుండ.

ఎవ్వలూ మాట్లాడలే.
ఫ్యాను కిర్రుమంటుంది.
పెట్టుబడి పెట్టనని మొండికేసినోళ్ళమే
ఏండ్ల సంది పెడుతున్నం,
తిరిగిరాని దాంట్ల.

బ్యాంకుల ఫీల్డాఫీసరు ఇర్ఫానా మేడమ్ మంచిదే.
చీటీలు చూసింది, కండ్లద్దాలు తీసింది.
"ఇది మిగులు. ఆదాయం కాదు.
ఆ గడిలో మిగులు రాయరాదండీ."
మరి ఏ గడిల రాయాలె మేడమ్?
ఫారం ముందుకు తిప్పింది, ఎనుకకు తిప్పింది.
పొయ్యేది ఆగితే రాసుకోను
ఒక్క గడి లేదు పన్నెండు పేజీలల్ల.
చీటీలన్నీ కుట్టి ఎనుక పేజీకి పిన్ను కొట్టింది.
"పైకి పంపుత," అంది. "చూద్దాం."

నెల దాటింది.
పైన చూస్తున్నరేమో.

కొంరెల్లి నిన్న దుకాణం ముందల సైకిల్ ఆపి
రెండు వేలు ఇచ్చిండు, అన్నీ పదులు, ఇరవైలు.
"మిగిలినయి దసరా ఎల్లినంక.
నేను ఒప్పుకున్ననని రాయకు," అన్నడు.
పేరు రాసిన. ఒప్పుకున్నడని రాయలే.

ఇయ్యాల మోరీ పచ్చగ పారుతుంది.
జానమాజుల ఆర్డరు, మూడు వందలు.
మనుమరాలు గట్టు మీద కూసోని
నోటుపుస్తకంల పేజీ చింపి మడుస్తుంది.
వద్దనబోయిన.
పదకొండో గడి యాదికొచ్చి
పెన్ను కోసం లోపలికి పోయిన.