గూబరాయి, రెండో శనివారం

దొడ్డబళ్ళాపురంలో బస్సు మారాక
స్టాపు లేని చోట
కండక్టరు రాయిని చూసి దింపాడు మమ్మల్ని.
బోర్డు మీద కన్నడంలో గూబెకల్లు.
టీ అమ్మే ఆమె నోట్లో గూబరాయి.
రెండు పేర్లకీ ఒక్కటే గుడ్లగూబ,
పగలు కదా, కనబడలేదు.

తలకు ఇరవై రూపాయలు.
వారమంతా పీణ్యాలో కాలర్లు కుట్టిన వేళ్ళతో
చిల్లర లెక్కపెట్టి
నలుగురికీ ఇళవరసే కట్టింది.
రేష్మా చెప్పులు చేతబట్టుకుంది.
మేం ఎక్కేకొద్దీ కొండ కూడా ఎక్కుతున్నట్టుంది,
శిఖరం ఎప్పుడు చూసినా అంతే దూరం.

సగం దారిలో నీలం రేకు.
"ఈ కోటను కట్టించినవారు" అని మొదలవుతుంది,
పేరు దగ్గర తుప్పు.
కింద జరిమానా సంగతి మాత్రం
ఒక్క అక్షరం పోకుండా ఉంది.

పైన పెద్దగా ఏమీ లేదు.
బురుజులో సగం.
గుర్రపుశాల అని రాసినచోట మేకపెంటికలు.
రాతి దొనలో నీళ్ళు,
నీళ్ళలో ఒక మబ్బు, ఒక చిప్స్ కవరు.
ధాన్యపు కొట్టులో తల పెట్టి
సౌభాగ్య తన పేరు తనే పిలుచుకుంది.
"భాగ్యా" అంది గోడ,
మొదటి అక్షరం తనే ఉంచుకుని.

అప్పుడు వినబడింది సర్రు సర్రుమని.
ఇనప బ్రష్షుతో గోడ తోముతున్నాడొక ముసలాయన,
ఖాకీ చొక్కా, కింద పంచె.
"యాడ నుంచి వచ్చినారమ్మా?"
ఇక్కడికి తెలుగు నేను మోసుకొచ్చాననుకున్నాను.
నాకంటే ముందే ఎక్కి కూర్చుని ఉంది.

పిళ్ళప్ప ఆయన పేరు.
పని: పేర్లు చెరపడం.
మంజు పోయాడప్పటికే,
మంజు ఎవరిని ప్రేమించాడో
ఆ పిల్ల ఇంకా రాతి మీద ఉంది.
ఆగి, చెయ్యి తుడుచుకుని,
సంచిలోంచి హాజరుపట్టీ తీశాడు.

"చెరిపే ముందు రాసుకుంటా."

పద్దెనిమిదేళ్ళ పేర్లు.
తారీఖు, ఏ గోడ, దేనితో గీశారు:
మేకు. తాళంచెవి. బొగ్గు. లిప్‌స్టిక్.
ఎనిమిదో తరగతి బి సెక్షన్ మొత్తం, రోల్ నంబర్లతో.
ఒకచోట "అమ్మ" అని అంతే,
ఎవరి అమ్మో లేదు.
ఇంకోచోట: పిళ్ళప్ప, మేకు, దొన పక్క గోడ,
బ్రాకెట్లో "పనిలో చేరకముందు".

"ఎవరు రాయమన్నారు తాతా?"
"ఎవురూ అనలే.
రాయిని నమ్మి పెట్టిపోయినారు కదా.
ఊరికే తుడిచేస్తే దొంగతనం మాదిరి ఉంటాది."

గాలికి పుటలు వాటంతటవే తిరిగాయి.
నాకెవరి పేరూ వెతకాల్సిన పని లేదు,
అయినా వెతికాను.
పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను,
నా పేరు రేషన్ కార్డులో తప్పు,
ఫ్యాక్టరీలో అది లైన్ ఆరు, మిషన్ పద్నాలుగు.
"పెన్నివ్వు తాతా, నాదీ రాస్తా."

పుస్తకం మూసేశాడు.
కోపంగా కాదు, ఇల్లు తాళం వేసినట్టు.
"గీకినోళ్ళకే దీంట్లో జాగా.
గీకనోళ్ళకి టికెట్ ఉంది కదమ్మా."

దిగేటప్పుడు మోకాళ్ళు మాట్లాడాయి, మేం మాట్లాడలేదు.
యలహంక దాటేసరికి
రేష్మా నా భుజం మీద నిద్రపోయింది.
దీపాల కింద టికెట్ తీసి చూశాను.
పచ్చకాగితం, ఒక నంబరు, ఒక చిల్లు.
పేరుకని చోటే లేదు.

సోమవారం
మూడొందల నలభై కాలర్లలో ఒకదానికి
లోపలివైపు, మెడకు తగిలే చోట,
ఒక కుట్టు ఎక్కువ వేశాను.
మధ్యాహ్నం చెకింగ్ టేబుల్ దగ్గర
సుందరేశన్ సారు దాన్ని చూశాడు,
కత్తెరతో తీసేశాడు.

ఎక్కడా రాసుకోలేదు.