పదహారో పేరా

మాటకు తొంభై పైసలు.
రాత్రి తొమ్మిదింటికి ఫైలు వస్తుంది, పొద్దున ఆరింటికి పోవాలి.
విద్యానగర్‌లో పట్టాలకు ఆనుకున్న గది.
ఎంఎంటీఎస్ వెళ్లిన ప్రతిసారీ
బల్ల మీద టీ గ్లాసు కొంచెం నడుస్తుంది.

కొత్త మందుల పరీక్షకు ఒప్పుకునేవాళ్లు
సంతకం పెట్టే కాగితాలను
తెలుగు చేసేవాణ్ణి.
ఏడేళ్లలో ఎన్ని జబ్బులు నా చేతిమీదుగా పోయాయో,
ఒక్క రోగి మొహమూ ఎరగను.

"ప్రతికూల సంఘటనలు" అని రాస్తాను.
అంటే వాంతులు, అంటే కళ్లు తిరగడం,
ఒక్కోసారి ప్రాణం.
ఓసారి "ప్రాణం పోవచ్చు" అని రాస్తే
ఎడిటరు ఎర్రగీత గీసింది.
"భయపెట్టకండి సార్, మరణము సంభవించుట అనండి.
ముదురు తెలుగైనా ఫరవాలేదు,
కమిటీ చూసేది తెలుగు ఉందా అని,
తెలిసిందా అని కాదు."

మరణము సంభవించుట.
రెండు మాటలు. రూపాయి ఎనభై పైసలు.

మొన్న ఆదివారం
మా బిల్డింగు వాచ్‌మన్ బాలకిష్టయ్య
మెట్ల కింద నుంచి పిలిచాడు.
షుగరు. కాలికి పుండు, ఆరు నెలలుగా మానదు.
చేతిలో పద్నాలుగు పేజీలు, చెమటకు మెత్తబడి.
"సారూ, నువ్వు రాసుడు సదువుడు జేస్తవు గద,
గిది జర జూడు. రేపు ఏలిముద్ర ఎయ్యమన్నరు."

మొదటి వరసలోనే గుర్తుపట్టాను.
నా వాక్యం. నా కామాలు.
మూడో పేజీలో అచ్చుతప్పు కూడా నాదే:
"వారమునకొకసారి పండు పరిమాణము కొలవబడును."

చదివాను.
పెళ్లిలో మంత్రం విన్నట్టు తల ఊపుతూ విన్నాడు.
"మంచిగ సదువుతున్నవ్. ఇగ అర్థం జెప్పు."

నా తెలుగును నేనే
మళ్లీ తెలుగు చేయాల్సి వచ్చింది.

సగం మందికి మందు, సగం మందికి ఉత్త లేపనం.
ఎవరికేదో డాక్టరుకూ తెలియదు.
"బొమ్మా బొరుసా?"
"అంతే."
"ఉత్తది నాకొస్తే?"
"మామూలు కట్టు కడతారు."
"అది ఇప్పుడూ గడ్తనే ఉన్నరు గద!"
కాలి వంక చూసుకున్నాడు,
అదీ వింటోందేమో అన్నట్టు.

తర్వాత అడిగాడు:
"ఒప్పుకుంటున్న, ఒప్పుకుంటున్న అనే ఉన్నది అంతట.
ఒద్దనేటోనికి జాగ ఏడున్నది సారూ?"

పదహారో పేరాలో ఉంది.
"పాల్గొనువారు ఏ సమయమునందైనను కారణము తెలుపకయే
ఉపసంహరించుకొనుటకు స్వేచ్ఛ కలిగియుందురు."
ఎనిమిది మాటలు.
ఏడు రూపాయల ఇరవై పైసలకు
ఆ తలుపుకు తాళం వేసింది నేనే.

"ఎప్పుడైనా వద్దనొచ్చు," అన్నాను.
"ఎందుకని ఎవరూ అడగరాదు.
వద్దన్నా నీ వైద్యం ఆగదు."
మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ.
మూడోసారి నాతోపాటు తనూ అన్నాడు,
పెదాలు కదుపుతూ, ఎక్కం నేర్చుకున్నట్టు.

"నిజంగ గిట్లనే రాసున్నదా?"
"ఉంది."
"ఎవడు రాసిండో గని, సక్కగ రాయలే."

ఫలక్‌నుమా వైపు రైలు పోయింది.
అది పోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
పోయాకా నేను మాట్లాడలేదు.

సోమవారం కోఠి బస్సెక్కి వెళ్లొచ్చాడు.
సాయంత్రం మొక్కలకు నీళ్లు పడుతుంటే
బొటనవేలి వంక చూశాను.
తడిగా ఉంది, సిరా ఉందో లేదో తెలియలేదు.
అడగలేదు. ఎందుకని ఎవరూ అడగరాదు.
తనే అన్నాడు:
"రెండు సవాళ్లు అడిగిన సారూ.
రెండోదానికి డాక్టరమ్మ కలం కింద వెట్టింది.
కుర్సీ ఏసి కూసోమన్నది."

రాత్రి తొమ్మిదింటికి ఫైలొచ్చింది.
ఈసారి గుండె మందు, ఇరవై రెండు పేజీలు.
ఐదో పేరా దగ్గర చాలాసేపు ఆగి
టైపు చేశాను:
మీరు చనిపోవచ్చు.

రెండు మాటలే.
రేటూ అదే.
ఎడిటరు ఇంకా చూడలేదు.