రెడ్ ఆక్సైడ్ వేసేలోగా

రాత్రంతా కరెంటు రొయ్యలది.
ఎండెక్కి, చెరువుల్లో ఏరేటర్లు ఆగి,
బల్బు ఎర్రదనం పోయి తెల్లబడ్డాకే
నా కంప్రెసరు వంతు.

డెబ్బై రెండు మోడలు ఫియట్టు.
మలికిపురంలో ఆయిల్ మిల్లు వెనక
కొబ్బరి డొక్కల కింద దొరికింది.
వెనక సీట్లో కోడి పొదుగుతోంది;
పిల్లలయ్యేదాకా ఆగి, తూకానికి కొన్నాను.
కాటా ఎక్కించేటప్పుడు రాలిన తుప్పు కూడా
చీపురుతో ఊడ్చి
నా లెక్కలోనే వేశాడు షావుకారు.

"గోదారి ఒడ్డున ఉండి ఇసుక కొనుక్కోడమేంటండీ?"
పక్కింటి అచ్చియ్యమ్మగారు.
ఆవిడ డాబా మీద గుమ్మడి వడియాలు.
గాలి అటు తిరిగితే ఆపేస్తానని మాటిచ్చాను గానీ
ఇసుక సంగతికి జవాబు చెప్పలేదు.
అరుగు మీంచి మా తోడల్లుడు నాగబ్బులు
దగ్గి చెప్పాడు.

యానాం అవతల పడవల యార్డులో
తొమ్మిదేళ్ళు ఆ ఇసుకే
ఇనప పొట్టలకేసి కొట్టాడు,
ముక్కుకి తువ్వాలు చుట్టి.
ఇప్పుడు మేడ మెట్లు నాలుగెక్కి
ఐదోదాన్ని తర్వాతకి దాచుకుంటాడు.

అందుకే గార్నెట్.
పాతిక కేజీల బస్తా, దానిమ్మ గింజలు దంచినట్టు.
వాడినదాన్ని వరాలు
బూరెల పిండి జల్లెడతో జల్లించి మళ్ళీ పోస్తుంది.
ఆ జల్లెడింక వంటింటి గుమ్మం తొక్కదని
మొదటిరోజే తేల్చేసింది.

ఇక్కడ గాలంటే సగం నీళ్ళే.
రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి
ఐసు నీళ్ళ డ్రమ్ములో ముంచినా
పావుగంటకోసారి నాజిల్ గొంతు పూడుకుపోతుంది,
తడి ముద్ద ఒకటి కక్కి
మళ్ళీ అందుకుంటుంది.

ముసుగులో నాకేమీ వినపడదు.
గాలికి ఎగువన, దూరంగా, మట్టల నీడలో
నాగబ్బులు కళ్ళు మూసుకుని కూర్చుంటాడు.
రంగు మీద గుసగుస,
తుప్పు మీద గరగర,
ఇనుము తగిలితే సన్నగా ఈల.
విని చెయ్యెత్తుతాడు, నేను జరుగుతాను.
ఊరికే ఊపితే
రేకు వేడెక్కి వంకర పోతోందని.

నిన్న డ్రైవరు వైపు తలుపు.
తెల్లరంగు లేచింది. కింద సీసా పచ్చ.
పచ్చ మీద పసుప్పచ్చని అక్షరాలు,
ఎవరో చేత్తో, తలకట్లు ముద్దుగా తిప్పి రాసినవి.
చదివేలోగా తినేసింది ఇసుక.
కనపడ్డమూ పోవడమూ ఒకటే.
లీవరు వదిలేసరికి
మిగిలింది "ణయ్య".

ముగ్గురం తలుపు ముందు నిలబడ్డాం.
రమణయ్యా? లక్ష్మణయ్యా?
"కృష్ణయ్యేమో" అంది వరాలు.
కాదు, ఇది వత్తు కాదు, నిండు ణ.
నారాయణయ్యకైతే ముందు చోటు చాలదన్నాడు నాగబ్బులు,
జానతో కొలిచి.
తొంభై ఆరు తుఫానులో కాబోలు,
ఉప్పునీట నానిన గీత ఒకటి
తలుపుకి అడ్డంగా ఉంది, గడియకి రెండంగుళాల కింద.
ఆయన అందులో ఉన్నాడో లేడో
గీతని అడిగితే ఏం చెబుతుంది.

మూడూ నలభై.
కాలవ మీంచి చెమ్మ దిగుతోంది.
ఒలిచిన ఇనుము మా వైపు గంటసేపే ఇనుము,
ఆనక టీ ఒలికినట్టు గోధుమరంగు పాకుతుంది.
పోనీ ఆ జానెడు మేరా టేపేసి వదిలేద్దామా అన్నాను.

"దాని కింద తుప్పు బతికే ఉంటది.
రంగెయ్, బంగారం పొయ్యి,
వచ్చే వానలకి తలుపంతా తినేస్తది."
అని, చాలాసేపు ఆ మూడక్షరాల వంకే చూసి
వెళ్ళి నీడలో కూర్చున్నాడు.
చెయ్యెత్తాడు.

గుసగుస.
అంతలోనే ఈల, నాకు వినపడనిది.

చీకటి పడేలోగా రెండు పూతలు.

రాత్రి అన్నంలో పంటికింద కరకరమంది.
జల్లెడ తప్పు కాదు, నా జుట్టులోంచి రాలిందే.
తెల్లటి మెతుకుల్లో ఒక ఎర్ర గింజ
వేలితో కంచం అంచుకి తోశాను.
రెండో ముద్ద దగ్గర ఆగి
గాలి కూడదీసుకుని
"లక్ష్మణయ్యే" అన్నాడు నాగబ్బులు.