మూడో హ్యాండిల్

చండూరు రోడ్డు మీద, బోరు మోటర్లు విప్పే నా షెడ్డుల
పాత మిల్లింగ్ మిషన్ ఒకటున్నది.
దాని మూడు హ్యాండిళ్లకు నా అరచేతి నూనె పట్టింది.
ఇరవై రెండేండ్లు తిప్పిన.
ఇప్పుడు తిప్పుతుంటె
ముందుగాల మణికట్టు అరుస్తది, తర్వాత స్క్రూ.

నీళ్ల తప్పే అన్నడు డాక్టరు, ఎక్స్‌రే వెలుగుకు పట్టి.
చిన్నప్పుడు తాగిన చేతిపంపు ఫ్లోరైడ్
ఎముకల సందుల్ల గట్టిపడ్డదట.
గ్రీజు కొట్టే నిప్పల్ మనిషికి పెట్టలే దేవుడు.

అందుకే మోటర్లు ఎతుకుతున్న.

స్టెప్పర్ అగ్గువ. అందరు అదే కొనుమంటరు.
కని దానిది గుడ్డి నడక:
వెయ్యి అడుగులెయ్యిమంటె ఏస్తది,
నడుమ బరువు పడి నాలుగు జారినా
వెయ్యి అయినయనే చెప్తది, సిగ్గు లేకుంట.
సర్వో అట్ల కాదు.
తోకకు ఒక కన్నుంటది దానికి.
యాడున్ననని ఊకె ఎనక్కి చూసుకుంటది,
తప్పిన ఎంట్రుకవాసి మళ్ల తొక్కుకుంటది.

కొత్త సర్వో ధర యశోద ఫోన్ల చూపిచ్చింది.
నా మేనకోడలు. నల్లగొండ పాలిటెక్నిక్.
ఒక్క మోటరు, దాని డ్రైవరు కలిపితె
ఎండకాలమంత నేను విప్పే బోర్ల పైసలు.
మూడు కావాలె.
ఫోను బోర్లేసి పెట్టిన.

బాలానగర్‌ల జహంగీర్ భాయ్ కిలోల లెక్క అమ్ముతడు.
మూతపడ్డ కంపెనీల మెడలు, మోకాళ్లు
గుట్టపోసి ఉన్నయి.
ఏ మిషన్ల ఏం కోసి వచ్చినయో వాటికే ఎరుక.
"టార్క్ చూడు మామా" అని యశోద,
"బరువు చూడు" అని జహంగీర్ భాయ్.
నేను రెండు వైర్ల కొసలు ఒక్కతాన ముట్టిచ్చి
షాఫ్టును ఏళ్లతోని తిప్పిన.
మొండికేసింది, ముదిరిన పాకంల గంటె తీరు.
లోపల అయస్కాంతం బతికే ఉంది.
ఇంకొకటి గిర్రున తిరిగింది, అడ్డం లేకుంట.
దాన్ని పక్కకు పెట్టిన, మెల్లగ.

కన్ను చూసేటందుకు యశోద బ్యాటరీ, చిన్న డబ్బా తెచ్చింది.
చుట్టుకు రెండువేల అంకెలు.
ఒక్క చుట్టు తిరిగొచ్చి సున్నా కాడ ఆగితె మంచిది.
ఐదింటిల రెండే సున్నాకు వచ్చినయి.
మూడోది పదిహేడు కాడ నిలవడ్డది.
"పదిహేడంటె ఎంత?"
"సగం ఎంట్రుక, మామా."
"చుట్టుకు సగం. నూరు చుట్లకు?"
ఆమెనే దాన్ని తీసుకపోయి గుట్టల పెట్టింది.

రెండు కలిపి పదకొండు కిలోల మూడొందలు.
ఆ మూడొందలు ఇడిసిపెట్టి చాయ్ తాపిచ్చిండు జహంగీర్ భాయ్.
బస్సుల బియ్యం సంచిల కట్టి ఒళ్లె పెట్టుకున్న.
మాల్ దాటినంక గుంతలల్ల
రెండు ఒకదాన్నొకటి తట్టుకుంట వచ్చినయి.

బిగిస్తుంటె తెలిసింది,
తోకకు ఎంత కన్నున్నా స్క్రూ అరుగుదల దానికి కనవడదు.
ఇటు తిప్పిన హ్యాండిల్ అటు తిప్పితె
బల్ల కదిలే ముందు ఒక ఖాళీ.
అది నా చేతికి ఎరుక.
ఎంత అని అడిగింది యశోద. చెప్పరాలె.
చేతులు గాలిల తిప్పి చూపిచ్చిన, గింత అని.
డయల్ గేజ్ పెట్టి చదివింది: ఇరవై మూడు.
నోటుబుక్కుల రాసి కింద గీత గీసింది.
ఇరవై రెండేండ్లు, ఒక అంకె.

మీదికి కిందికి పోయే మూడోదానికి మోటరు లేదు.
అప్పటిదాక స్టెప్పర్ పెడదామన్నది. ఒద్దన్న.
ఆ ఒక్క హ్యాండిల్ నేనే తిప్పుత.
రెండు మోటర్లు సన్నగ కూతపెట్టుకుంట
అటిటు పోతుంటె
కట్టర్ ఇనుమును ముట్టే ఘడియ
ముందు చెవికి, తర్వాత మణికట్టుకు.

నొస్తది. ఆగుత.
యాడ ఆగిన్నో నాకు తెలుసు.

జహంగీర్ భాయ్‌కి చెప్పి ఉంచిన,
సున్నాకు వచ్చేది ఇంకోటి దొరికితె పక్కన పెట్టుమని.
తొందరేం లేదన్న.
ఆయన నా చెయ్యి దిక్కు చూసి
ఎంత తొందర లేదో రాసుకున్నడు.